మా మేనత్త ఉప్పు మొక్కు

తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను రాయదుర్గంలో చెల్లెలి ఇంట్లో దీపానికి వత్తి వేస్తున్నాను. "అక్కా, అత్త పోయింది. రాత్రి నిద్దర్లోనే" అన్నాడు. దీపం వెలిగించి, దండం పెట్టుకొని, బస్టాండుకు నడిచాను.

బస్సులో ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసటగా ఉంది. కిటికీ బయట అవే బీడు చేలు, అవే గుట్టలు. నిద్రలో పోయిందన్న మాట ఒక్కటే మనసుకు ఆనింది. మా అత్తకు ఒకప్పుడు నిద్రంటే చాలా కష్టం మీద దొరికే వస్తువు. చివరికి అదే ఆమెను తీసుకుపోయింది.

ఆమె మా నాయనకు అక్క. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మమ్మల్ని ఎత్తుకొని పెంచింది ఆమే. తర్వాత చాలా ఏళ్లకు నేనూ అదే విధంగా ఆ ఇంటికే తిరిగి వచ్చాను. ఇద్దరం ఒకరినొకరు ఓదార్చుకున్నది లేదు. పని పంచుకున్నాం. ఆమె కట్టెలు తెస్తే నేను పొయ్యి వెలిగించేదాన్ని. నాకు జపమాల ఉంది, ఆమెకు చేను ఉంది. మా ప్రార్థనలు అట్లా వేరువేరుగా నడిచేవి.

ఊళ్లో ఆమెను అందరూ తమ కాళ్ల నొప్పుల కోసమే ఎరుగుదురు. కాళ్లు కొంకర్లు పోవడం మా వైపు ఆడవాళ్లకు మామూలు. శెనక్కాయ, అదే వేరుశెనగ, పీకే రోజుల్లో పొద్దంతా గొంతుకూర్చుని జరుగుతూ పోవాలి. ఇంటికొచ్చి పడుకుంటే నడిరాత్రి పిక్క ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటుంది. అది రాని వాళ్లకు చెప్పినా తెలియదు. మనిషి మంచం మీద నుంచి లేచి కూర్చుని, కాలు పట్టుకొని, నోరు తెరిచి అరవను కూడా అరవలేదు.

తొంభైల చివర్లో మండలం బడిలో ఎవరో ఆక్యుప్రెషర్ శిబిరం పెట్టారు. నేను మోకాళ్ల నొప్పికి పోతూ ఆమెను తోడు తీసుకుపోయాను. అక్కడ నేర్పింది నేను సగం మరిచిపోయాను. ఆమె ఒక్కటీ మరవలేదు. దానికి "నొక్కుడు వైద్యం" అని పేరు కూడా పెట్టుకుంది. అప్పటినుంచి తెల్లవారితే మా ఇంటి ముందు అరుగు మీద, మా వైపు జగిలి అంటాం, ఎవరో ఒకరు కాలు చాపుకొని కూర్చునేవాళ్లు. రాత్రి పట్టుకున్న పిక్క పొద్దున కూడా పుండులా ఉంటుంది కదా, దానికోసం.

ఒకసారి మా వీధి చివర ఆసామి వచ్చాడు. పెద్ద మీసం. ఎన్నికలప్పుడు జీపులో తిరిగే మనిషి. జగిలి ఎక్కుతుండగానే ఆయన పిక్క పట్టేసింది. అత్త పోయి ఆయన ముక్కు కింద, పై పెదవి మీద ఉండే గుంటను బొటనవేలు, చూపుడువేలు మధ్య గట్టిగా పట్టింది. మీసంతో సహా.

"ఏమ్మే! కాలు నొప్పంటే మూతి పట్టుకుంటావే!"

"గమ్మునుండప్పా. గాలి పీల్చు, వదులు."

"మీసం ఊడొస్తాది!"

"మీసం పోతే మళ్లా మొలుస్తాది. గమ్మునుండు."

కొంతసేపటికి ఆయన ముఖం తేటపడింది. కాలు కదిపి చూసుకున్నాడు. ఎవరైనా చూశారేమోనని వీధి అటూ ఇటూ చూశాడు. ఎదురింటి ఆడవాళ్లందరూ చూస్తూనే ఉన్నారు. "ఎన్నికల్లో కూడా ఇట్లనే పట్టుకో వదినా" అని ఒకామె అరిచింది. ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. తర్వాత ఎప్పుడు వచ్చినా మీసం మీద చెయ్యి పెట్టుకొనే జగిలి ఎక్కేవాడు.

ఇది చదివే మీలో ఎవరికైనా ఈ బాధ ఉంటే, ఆమె చెప్పిన పద్ధతి చెప్తాను. కాలు పట్టుకోగానే గుంజకూడదు. వేళ్లను మెల్లగా ముఖం వైపు వంచాలి. పిక్క కిందికి వస్తూ కండ రెండుగా చీలే చోట ఒక పల్లం ఉంటుంది. అక్కడ బొటనవేలు పెట్టి నొక్కి, కదపకుండా ఉండాలి. ఊపిరి మామూలుగా రావాలి. చేతికి కాలు అందకపోతే ముక్కు కింద పట్టుకోవడమే. "రుద్దితే తోలు కదుల్తాది. నొక్కితే లోపల వదుల్తాది" అనేది. బిగువు వదిలాక వెచ్చని నువ్వుల నూనె. ఆ తర్వాత కల్లుప్పును పెనం మీద వేయించి, గుడ్డలో మూట కట్టి కాపడం. పడుకునే ముందు గోడకు రెండు చేతులూ ఆనించి, మడమలు నేలకు అదిమి కాసేపు నిలబడమనేది. పొద్దుగూకినాక ఉప్పు, నిమ్మరసం వేసిన మజ్జిగ ఒక చెంబు. అందరికీ చివరి మాట ఇదే: "ఉప్పేసుకోని తాగండే. చెమటలో పోయింది మళ్లా లోపలికి రావాల." రక్తపోటుకు డాక్టరు ఉప్పు వద్దన్నవాళ్లు మాత్రం డాక్టరు మాటే వినండి. తరచూ వస్తుంటే ఆసుపత్రిలో చూపించుకోండి. మేము అత్తను పడిపోయాక గానీ తీసుకుపోలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నాయన పోయిన మరుసటేడు మా చేలో బావి ఎండిపోయింది. కణేకల్ వైపు పోతే కాలువ కింద వరి పచ్చగా కనబడేది. ఆ నీళ్లు మా దాకా రావు. మాకు ఆ బావే. నాయన తవ్వించినప్పుడు అత్త మట్టి గంప నెత్తిన పెట్టుకొని మెట్లెక్కి దిగింది. మొదట ఊట పడినప్పుడు దోసిట పట్టి తాగింది ఆమేనట. ఎండిన బావిలోకి ఆమె తొంగి చూడటం నేను చూశాను. ఎవరో పెద్దమనిషి జబ్బుపడితే చూసినట్టు చూసింది.

ఆ శనివారం ఊరి బయట ఆంజనేయస్వామి గుడికి పోయి, బావిలో నీళ్లు వచ్చేదాకా ఉప్పు ముట్టనని మొక్కుకుంది. ఇంటికొచ్చి సంగటిలోకి పప్పు తన వరకూ వేరుగా తీసి పెట్టమంది. మా ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. వానకు ఒకరు, బిడ్డ జ్వరానికి ఒకరు, ఒక పూటో ఒక వారమో చప్పిడి తింటారు. వాన పడుతుంది, జ్వరం తగ్గుతుంది, మొక్కు తీరుతుంది. బావి మాత్రం ఊరలేదు.

ఆ ఏడూ లేదు, పై ఏడూ లేదు. ఎండలో కలుపు తీస్తుంది, ట్యాంకరు నీళ్లకు నిలబడుతుంది, చప్పిడి ముద్ద తింటుంది. ఊరందరికీ ఉప్పు మజ్జిగ తాగమని చెప్పే మనిషి తాను వట్టి మజ్జిగ తాగుతుంది. మెల్లగా ఆమె కాళ్లు కూడా పట్టుకోవడం మొదలైంది. మొదట ఎప్పుడో ఒకసారి. తర్వాత రోజూ. పక్క మంచం మీద ఆమె పళ్లు బిగించిన చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. తన వేళ్లతో తనే నొక్కుకునేది. చెయ్యి అలిసిపోతే నేను పట్టేదాన్ని. ఉప్పు వేయించి కాపడం పెట్టేదాన్ని.

ఒకసారి మూట ఆమె పిక్కకు ఆనించి అడిగాను. "అత్తా, ఈ ఉప్పు కాలికి పనికొచ్చి నోటికి పనికిరాదా?"

"బయట తగిలితే స్వామి ఏమనుకోడులే."

"లోపలికి పోతే అనుకుంటాడా?"

"ఆయప్ప అనుకోకున్నా నేననుకుంటా. పండుకో పో."

ఇద్దరం పడుకునేవాళ్లం. నిద్ర వచ్చేది కాదు. తెల్లవారి లేచి మళ్లీ పనికి పోవడమే. ఆ రెండు మూడేళ్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు మూసుకుపోతాయి.

ఒకరోజు ట్యాంకరు దగ్గర బిందె ఎత్తుకొని వస్తూ పడిపోయింది. కళ్లు తిరిగాయి, రెండు పిక్కలూ ఒకేసారి బిగుసుకున్నాయి. తమ్ముడు ఎత్తుకొని ఆటోలో వేశాడు. టౌనులో డాక్టరమ్మ రక్తం చూసి, తిండి సంగతి అడిగింది. ఉప్పు ముట్టదని తమ్ముడు చెప్పాడు.

"అవ్వా, ఎండలో పని చేస్తావు. ఉప్పంతా చెమటలో పోతుంది. లోపలికి రానీకపోతే కాళ్లు అట్లా కాక ఎట్లా అవుతాయి? ఇంకా ఇట్లనే ఉంటే కాళ్లతో పోయేది కాదు. ఈసారి పడితే లేస్తావని నేను చెప్పలేను."

"మొక్కుండాదమ్మా."

"ఎవరికి మొక్కినావో ఆ స్వామినే అడుగు, కొంచెం ఉప్పు తినొచ్చునా అని."

"అడిగేదానికి మొగం యాడుండాది తల్లీ? మాటిచ్చింది నేను గదా."

రెండు రోజులు సెలైను పెట్టి పంపించారు. ఇంటికొచ్చిన రోజే మరదలు ముద్ద పెట్టి పక్కన పచ్చడి వేసింది. అత్త పచ్చడి ఉన్న వైపు తుంచి పక్కన పెట్టి మిగతాది తింది. తమ్ముడు లేచి తన కంచం దూరంగా నెట్టాడు. "సచ్చిపో అయితే! బావికి తోడుగా నువ్వూ ఎండిపో!" అని అరిచాడు. అత్త అతని వైపు చూసి, "ముద్ద మీద కోపం చూపొద్దురా. తిను" అంది.

ఆమెతో వాదించడం నా వల్ల అయ్యేది కాదు. మొక్కును తేలిక చేసి మాట్లాడటం నా నోటికి రాదు. నేనూ మొక్కులున్న మనిషినే. అందుకని గుడికి పోయాను. పూజారి గడప కడుగుతున్నాడు.

"సామీ, మొక్కు సగంలో ఇంకొకరు ఎత్తుకోవచ్చునా?"

"మీ అత్తదేనా?" అన్నాడు. ఊరంతా తెలిసిన సంగతే. "ఆమె వదుల్తాదా?"

"వదలదు. దానికే నీ కాడికి వచ్చినా."

ఆయన చెంబు పక్కన పెట్టి గడప మీద కూర్చున్నాడు. "బావి ఎవరిది?"

"ఇంటిది."

"నీళ్లొస్తే ఆమొక్కతే తాగుతాదా?"

"లేదు."

"అట్లయితే మొక్కు కూడా ఇంటిదే. పంచుకోండి. వారంలో ఒక్కో దినం ఒకరు. అయితే ఇంట్లో కూచోని పంచుకుంటే చెల్లదు. అందరూ వచ్చి, ఆమె ఎదురుగా, స్వామికి నోటితో చెప్పాల."

ఇంట్లో చెప్తే అత్త మండిపడింది. "నేనేమన్నా సచ్చినానా, నాది మీరు పంచుకునేదానికి? ఇదేమన్నా ఆస్తా?"

"ఆస్తే" అన్నాడు తమ్ముడు. "నువ్వు కూడబెట్టింది అదొక్కటే గదా. మాకు గాక ఎవరికిస్తావు?"

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. అంత కష్టంలో ఆమె నవ్వడం చూసి మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

గుడిలో ఒక్కొక్కరం ముందుకు పోయి చెప్పాం. రాయదుర్గంలో జీన్స్ కుట్టే పనిలో ఉన్న చెల్లెలు కూడా వచ్చింది. మిషను తొక్కి తొక్కి దాని కాళ్లు కూడా అత్త చేతులకు అలవాటైనవే. అది శుక్రవారం తీసుకుంది. నేను సోమవారం, గురువారం. మరదలు మంగళ, బుధ. తమ్ముడు వెనక నిలబడి, "నాకు ఆదివారం మాత్రం వద్దు" అన్నాడు.

"ఏం?" అంది అత్త.

"కోడి దినం గదా అత్తా."

"ఆదివారమే నీకు. ఉప్పు లేని కోడి తిను. మొక్కంటే ఏందో తెలుస్తాది."

పూజారి కూడా నవ్వాడు. తమ్ముడు తల గోక్కుంటూ స్వామి ముందుకు పోయి ఆదివారం ఒప్పుకున్నాడు. అందరిదీ అయ్యాక అత్త గట్టిగా చెప్పింది. "శనివారం నాది. అది ఎవరికీ ఇచ్చేది లేదు."

మరుసటి రోజు ఆదివారం. నేను మజ్జిగలో ఉప్పు కలిపి ఆమెకు ఇచ్చాను. చాలాసేపు చెంబు చేతిలో పట్టుకొని కూర్చుంది. ఒక గుక్క నోట్లో పోసుకొని మింగకుండా అట్లాగే ఉంది. కంట్లో నీళ్లు. "ఇంత ఉప్పగుంటాదా మే" అంది. నేను వేసింది చిటికెడే.

ఆమెకు ఆ నెలలోనే తేలికైంది. పూర్తిగా పోలేదు. శనివారం దాటిన రాత్రి అప్పుడప్పుడూ పిక్క గుర్తు చేసేది. కానీ మిగతా రోజులు ఇద్దరం నిద్రపోయాం. కొన్నాళ్లపాటు నాకు వేరే కోరిక ఏదీ లేకపోయింది. దేవుడి ముందు కూర్చుంటే, నిద్ర ఇచ్చినందుకు దండం పెట్టుకోవడం ఒక్కటే తోచేది.

తర్వాతి ఏళ్ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వాన రాలేదు. వచ్చిన ఏడు విత్తనం పోయాక వచ్చింది. బోరు వేస్తే దుమ్ము లేచింది. ఊళ్లో సగం ఇళ్లు బెంగళూరు పనులకు పోయాయి. జగిలి మీద కాళ్లు చాపేవాళ్లు తగ్గిపోయారు. చెల్లెలి పిల్లల కోసం నేను రాయదుర్గం చేరాను. నా సోమ, గురువారాలు నాతోపాటే వచ్చాయి. తమ్ముడు ఆదివారాలు సణుగుతూనే చప్పిడి తిన్నాడట. మరదలు చెప్పేది, కోడి వండిన రోజు వీధిలోకి పోయి కూర్చునేవాడని.

కిందటి నెల ఊరికి పోయినప్పుడు అత్త నా కాళ్లు తన ఒళ్లోకి తీసుకుంది. వేళ్లలో బలం లేదు. అయినా సరిగ్గా ఆ పల్లం మీదే ఆగాయి. నొక్కుతూ అడిగింది.

"నేను పోతే శనివారం ఎవరిదే?"

"నేనెత్తుకుంటా."

"నీకు రెండుండాయి. మూడైతే నీ కాళ్లేం గావాల? నువ్వొద్దు."

"మరెవరు?"

దోమలు వచ్చాయని కొంగుతో విసిరింది. ఆమెకు చావంటే భయం లేదు. ఇచ్చిన మాట తనతోపాటు తెగిపోతుందేమోనన్నదే భయం. అది నాకు తెలుసు.

అత్త దినకర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు. ఆ సాయంత్రం తమ్ముడు నా పక్కన జగిలి మీద కూర్చున్నాడు. "అక్కా, ఆ బావిలో పశువులు పడతాయని ముళ్లకంప వేసి మూసేసినాం. ఇంక బావే లేదు. ఆమె కోసమని ఇన్నాళ్లూ చప్పిడి తిన్యాం. ఇంక ఈ మొక్కు ఎవరికి?"

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. అలసిపోయిన మనిషి అడగవలసిన మాటే. నేను జపమాల తిప్పుకుంటూ ఉండిపోయాను. వదిలేద్దామంటే నోరు రాలేదు. పట్టుకుందామంటే అతని ముఖం చూసి మనసు రాలేదు. "పొద్దున చూద్దాం లేరా" అన్నాను.

మరుసటి రోజు శనివారం. మధ్యాహ్నం తమ్ముడు చేలోనుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని కూర్చున్నాడు. మరదలు కంచంలో సంగటి ముద్ద పెట్టి, పైన శెనక్కాయ పచ్చడి వేయబోయింది. అతను కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. మరదలు నా వైపు చూసింది. ఆమె పచ్చడి గిన్నె లోపలికి తీసుకుపోయి, వట్టి మజ్జిగ తెచ్చి పోసింది.

అతను ముద్ద కలుపుకొని తలవంచి తింటున్నాడు. తినేటప్పుడు ఎడమ చెయ్యి తెలియకుండానే కిందికి పోయి పిక్క మీద ఆగింది. బొటనవేలు ఆ పల్లం వెతుక్కొని, అక్కడ నొక్కి పట్టుకొని, కదలకుండా ఉంది.